దైవసేవకులకు మనం చేసే సన్మానం శాలువాతో సరిపోతుందా?

సంఘ వార్షికోత్సవం నాడు మన గోదావరి జిల్లాల్లో దైవసేవకునికి శాలువా కప్పుతాం, దండ వేస్తాం, సెంటర్లో ఫ్లెక్సీ కడతాం. ఇందులో తప్పేమీ లేదు. కానీ మర్నాడు ఆ శాలువా మడిచి బీరువాలో పెట్టాక, పిల్లల ఫీజు ఎలా కట్టాలా అని అయ్యగారు, అమ్మగారు దిగులుపడుతూ కూర్చుంటే మనం చేసింది సన్మానమేనా?

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో, వాక్యంలోనూ ఉపదేశంలోనూ ప్రయాసపడే పెద్దలు రెట్టింపు సన్మానానికి పాత్రులని చెప్పాడు. అక్కడ వాడిన గ్రీకు మాటకు గౌరవం అనే కాక, వెల అనే అర్థం కూడా ఉంది. ఆ వెంటనే కళ్లం తొక్కే ఎద్దు గురించి, పనివాడి జీతం గురించి ఎందుకు మాట్లాడాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన ప్రాంతానికి సువార్త తెచ్చినవారిని ఒకసారి తలచుకుందాం. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు ఇంగ్లండు నుంచి వచ్చారు. ఏ మిషను సంస్థ జీతమూ లేకుండానే నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సేవ చేశారు. 1857లో అమెరికా తిరిగి వెళ్లిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్, రాజమండ్రి మిషను చేజారిపోతుందని తెలిసి, డెబ్బై అయిదేళ్లు దాటిన వయసులో 1869లో మళ్లీ ఓడెక్కారు. ఇలాంటి వారి విశ్వాసాన్ని అనుసరించమని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం చెబుతోంది. వారి ఫొటోలకు దండలు వేసి ఊరుకుంటే ఆ మాట నెరవేరదు.

మరి మనం ఏం చేయాలి?

మొదటిది, క్రమమైన సహాయం. వండేముందు పిడికెడు బియ్యం తీసిపెట్టిన తల్లులు, కోత పండుగకు ధాన్యం, కొబ్బరికాయలు, అరటి గెలలు మోసుకొచ్చిన రైతులు మనకు ఈ దారి చూపించారు. కానుక పండుగలకే పరిమితం కాకూడదు. సేవకునికి నెలకు ఎంత ఇవ్వాలో సంఘ పెద్దలు కూర్చుని నిర్ణయించాలి. వైద్యం ఖర్చు, వృద్ధాప్యం, ఆయన తర్వాత అమ్మగారి పోషణ కూడా ఆ లెక్కలో ఉండాలి.

రెండవది, వినడం. ప్రసంగం బాగుందని మెచ్చుకుని, గుమ్మం దాటగానే మరచిపోతే ఆయన ప్రయాసకు ఫలమేది? సేవకులు దుఃఖంతో కాక ఆనందంతో పని చేసేలా ఉండమని హెబ్రీ పత్రిక కోరుతోంది. ఆయన కోసం పేరు పెట్టి ప్రార్థిద్దాం. టీకొట్టు దగ్గర ఆయన మీద వ్యాఖ్యానాలు మానేద్దాం.

మూడవది, మనిషిగా చూడడం. లుస్త్రలో జనం పూదండలు తెచ్చి బలి అర్పించబోతే, బర్నబా, పౌలు తమ బట్టలు చించుకుని తామూ మనుషులమేనని కేకలు వేశారు. సేవకుణ్ణి దేవుడి స్థానంలో కూర్చోబెడితే ఆయనకే ప్రమాదం. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్దపై నేరారోపణ అంగీకరించవద్దన్న పౌలే, పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమన్నాడు. అంతియొకయలో పేతురు తప్పటడుగు వేసినప్పుడు ముఖాముఖిగా ఎదిరించాడు. కాబట్టి పుకారు నమ్మడం ఎంత అన్యాయమో, రుజువైన తప్పును దైవజనుడన్న పేరుతో దాచడం కూడా అంతే అన్యాయం. కానుకల లెక్కలు ఆయన ఒక్కరి మీదే వదిలేయకుండా పెద్దలు కలిసి చూస్తే, అది ఆయన పేరుకే కాపుదల.

ఈ ఆదివారం ఆరాధన తర్వాత పాస్టరు గారితో, అమ్మగారితో ఓ పది నిమిషాలు కూర్చుందాం. ఎలా ఉన్నారో అడిగి, వారు చెప్పేది చివరిదాకా విందాం. వచ్చే వార్షికోత్సవానికి ఫ్లెక్సీ ఎంత పెద్దది కట్టాలో తర్వాత చూసుకోవచ్చు.