పిల్లను ఎవరికి అప్పజెప్పి వెళ్లాలి?

ఆస్పత్రిలో గాయానికి చుట్టే తెల్లటి పల్చని గుడ్డను ఎక్కడ నేశారని ఎవరూ అడగరు. ఆ గుడ్డకు పేరుపడ్డ ఊరు తమిళనాడులో రాజపాళయం పక్కనున్న సత్రపట్టి. ఇక్కడా, చుట్టుపక్కల ఊళ్లలోనూ పవర్‌లూమ్‌లు బ్యాండేజీ గుడ్డ నేస్తాయి. మగ్గాల షెడ్డు ఇంటి వెనకాలో, పక్క వీధిలోనో ఉంటుంది. కండెలు చుట్టడం, గుడ్డ కత్తిరించడం, చుట్టలు చేసి పొట్లాలు కట్టడం ఎక్కువగా ఆడవాళ్ల పని. రాజపాళయం అనగానే తెలుగువాళ్లకు అక్కడి రాజు కులస్థులు, 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన పి.ఎస్. కుమారస్వామి రాజా, 1936 నాటి మిల్లు గుర్తుకొస్తాయి. మగ్గం నడిచే వేళకి చంటిపిల్ల ఎక్కడుంటుందన్న సంగతి ఆ చరిత్రలో దొరకదు.

చాలా ఇళ్లలో జవాబు ఒకటే: అవ్వ. సొంత అవ్వ లేకపోతే పక్కింటి అవ్వ. ఆమె దగ్గర తన మనవడితో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురు చేరతారు. అది బాలవాడి కాదు, క్రెష్ కాదు. దానికి బోర్డు లేదు, జీతం లేదు. పండక్కి ఒక చీర, అప్పుడప్పుడూ చేతిలో పెట్టే కొంత డబ్బు.

చట్టం ఈ ఇంటి గుమ్మం దాకా రాలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసేచోట పిల్లల గది ఉండాలంది. 2017 నాటి ప్రసూతి చట్ట సవరణ 50 మంది ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ పెట్టాలంది. నలుగురు మనుషులతో నడిచే మగ్గాల షెడ్డు ఈ రెంటి కిందికీ రాలేదు. అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. అక్కడ కూర్చోబెట్టేది మూడేళ్లు నిండినవాళ్లని. ఆ లోపు పిల్లలకు ఇంటికి పొడి ఇస్తారు, తమిళనాట అది సత్తుమావు, మనవైపు బాలామృతం. పొడి ఇంటికి చేరుతుంది సరే, దాన్ని కలిపి రోజుకు నాలుగైదుసార్లు తినిపించే మనిషి ఎవరు? మూడేళ్ల లోపు పిల్లల పొట్ట చిన్నది, ఒక్కసారి పెట్టి పనికి పోతే కుదరదు.

సత్రపట్టి నుంచి పడమరకు చూస్తే కొండలు కనిపిస్తాయి. 2021లో శ్రీవిల్లిపుత్తూర్-మేఘమలై పులుల అభయారణ్యమైంది ఆ అడవే. రాజపాళయం వైపు అయ్యనార్ కోవెల దగ్గర, శ్రీవిల్లిపుత్తూరు వైపు షెన్బగతోపులో పళియర్లనే గిరిజనులున్నారు. తేనె, అడవి సరుకు ఏరడం, కొండ కింద తోటల్లో కూలి, కాపలా వాళ్ల బతుకుతెరువు. సత్రపట్టి తల్లి పిల్లను వదిలి నాలుగు ఇళ్ల అవతలికి పోతుంది. పళియ తల్లి వదిలి కొండెక్కుతుంది. చంటిబిడ్డను చంకనేసుకుని తేనెకు పోవడం కుదిరే పని కాదు. కాబట్టి అక్కడా ఒక పాట్టి, అంటే అవ్వ, లేదా ఎనిమిదేళ్ల అక్క. ఆ అక్క అలా బడి మానేస్తుంది.

పళియర్ల మధ్య 1960ల్లో ఉండి రాసిన అమెరికన్ మానవశాస్త్రవేత్త పీటర్ గార్డ్‌నర్ గమనించినదొకటి ఇక్కడ పనికొస్తుంది. వాళ్లు ఒకరి మీద ఒకరు పెత్తనం చెయ్యరు. గొడవ వస్తే ఎదురు నిలబడరు, అక్కణ్ణుంచి తప్పుకుంటారు. చంటిబిడ్డ ఏడిస్తే ఆ క్షణమే ఎత్తుకుంటారు. మన సర్కారు పద్ధతేమో ఇందుకు సరిగ్గా తిరగబడి ఉంటుంది: రిజిస్టరు, తనిఖీ, వరసలో కూర్చోబెట్టడం, ‘ఇది ఎందుకు రాయలేదు’ అని గద్దించడం. గద్దించిన మర్నాడు ఆ పాట్టి వాదించదు, రాదు, అంతే. తర్వాత ‘గిరిజనులకు శ్రద్ధ లేదు’ అని కాగితం మీదికెక్కుతుంది. ఇంటి దగ్గర పిల్లల్ని చూసే ఆడవాళ్లకు సాయం చెయ్యాలంటే ముందు మార్చుకోవాల్సింది వెళ్లేవాళ్ల గొంతు. శిక్షణ మాడ్యూళ్ల సంగతి ఆ తర్వాత.

ఛత్తీస్‌గఢ్‌లో ఆ గొంతుతో చేసినవాళ్లున్నారు. బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ డాక్టర్లు గిరిజన గ్రామాల్లో ‘ఫుల్వారీ’లు పెట్టించారు. ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలు కొద్దిమంది, చూసేది ఆ ఊరి ఆడవాళ్లే. సత్తు, నూనె వేసిన కిచిడీ పెడతారు, బరువు చూస్తారు. చెంచాడు నూనెలో దాదాపు 45 కేలరీలుంటాయి. కొద్దిగా తిని చాలనే పిల్లకు అది పెద్ద ఆసరా. పిల్లల్ని ఎత్తుకుని తిరిగే అక్కలకు బడికి పోయే దారీ దొరికింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వమూ ఆ పేరుతో కేంద్రాలు తెరిచింది.

కొలంబియా ఇంకో దారి పట్టింది. 1980ల నడుమ నుంచీ అక్కడ పేటల్లో ఆడవాళ్లు తమ ఇంట్లోనే పది పన్నెండు మంది పిల్లల్ని చూస్తారు, తిండి ఖర్చు ప్రభుత్వానిది. వాళ్లకు చాలా ఏళ్లు దక్కింది చిన్న భత్యమే. పోరాడగా పోరాడగా 2014లో ఉద్యోగ ఒప్పందం, కనీస వేతనం వచ్చాయి. దాదాపు ముప్పై ఏళ్లు! అమ్మతనం అన్న పొగడ్త జీతాన్ని ఎంత కాలం వాయిదా వెయ్యగలదో చెప్పడానికి ఆ లెక్క చాలు.

పిల్లల్ని చూసినందుకు కూలి ఇవ్వాలన్న సూత్రాన్ని మన దగ్గర కాగితం మీద ఎప్పుడో ఒప్పుకున్నారు. 2005 ఉపాధి హామీ చట్టంలో ఒక నిబంధన ఉండేది: పనిచోటుకు ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురో అంతకు మించో వస్తే, ఒకామెను వాళ్లను చూడడానికే పెట్టాలి, మట్టి తవ్వేవాళ్లకిచ్చే కూలే ఆమెకూ ఇవ్వాలి. పిల్లల్ని చూడడమూ మట్టి తవ్వడమూ ఒకే కూలి పని అని రాసిన వాక్యమది. నాకు తెలిసి ఈ విషయంలో ఇంతకంటే సూటి వాక్యం మన చట్టాల్లో లేదు. అమలులో మాత్రం దాన్ని చాలాచోట్ల పట్టించుకోలేదు.

నల్లమల చెంచు గూడేల్లోనూ ఇదే లోటు. విశాఖ కేంద్రంగా 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ తేనెకు ధర కడుతుంది. తేనెకు పోయినవాళ్ల బిడ్డకు ఆ పూట గంజి తాగించిన ముసలమ్మ వాటా ఆ ధరలో లేదు.

2022 తర్వాత కేంద్రం ‘పాల్నా’ పేరుతో 17 వేల అంగన్‌వాడీ క్రెష్‌లు తలపెట్టింది. మంచిదే. కానీ క్రెష్‌కి భవనం కావాలి, తగినంతమంది పిల్లలు కావాలి. పది ఇళ్ల పళియ గూడెంలో మూడేళ్ల లోపువాళ్లు నలుగురుంటే? 2023లో మొదలైన పీఎం జన్‌మన్‌లో 2,500 అంగన్‌వాడీలున్నాయి, అవి ప్రత్యేకంగా బలహీనమైనవిగా గుర్తించిన 75 తెగలకే. చెంచులు ఆ జాబితాలో ఉన్నారు. పళియర్లు లేరు.

అలాంటిచోట భవనం కోసం ఎదురుచూడకుండా ఆ పాట్టి ఇంటినే నమ్మవచ్చు. ఆమెకు నెలనెలా చేతికందే కూలి కావాలి. పప్పు, నూనె, గుడ్డు గూడెం దాకా రావాలి. నెలకోసారి త్రాసు పట్టుకొచ్చి, పక్కన కూర్చుని మాట్లాడే నర్సు రావాలి. పాట్టికి జ్వరమొస్తే బదులు నిలబడే రెండో మనిషికీ కూలి ఉండాలి. ఇంటి వైశాల్యం కొలిచే ఫారం ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు. సత్రపట్టిలోనూ మగ్గాల యజమానులు, పంచాయతీ కలిసి వీధికొక అవ్వకు ఇంత అని కడితే మొదలైపోయే పనే ఇది. ఆ డబ్బు పండగ చీర లెక్కలో కాకుండా కూలి పద్దులో రాయాలి.