బంగారు చేపకు తగిన ఇల్లు



రెండేళ్ళ క్రితం మా రెండోవాడి పుట్టినరోజుకి వాడి మేనమామ ఒక గుండ్రటి గాజుగిన్నె, అందులో రెండు బంగారు చేపలు తెచ్చి ఇచ్చాడు. అడుగున రంగురాళ్ళు, మధ్యన ఓ ప్లాస్టిక్ మొక్క. టీపాయ్ మీద పెడితే ఎంతో ముచ్చటగా ఉంది. రోజూ నీళ్ళు మారిస్తే చాలని అమ్మినవాడు చెప్పాడట. అలాగే మార్చాను. పొద్దున్నే చేపల్ని చెంబులోకి తీయడం, గిన్నెనీ రాళ్ళనీ సబ్బుపొడితో తళతళలాడేలా తోమడం, పంపునీళ్ళు పట్టి మళ్ళీ వదలడం. ఎనిమిదోరోజున ఒకటి, పదోరోజున రెండోది వెల్లకిలా తేలాయి. "నువ్వే తిండి ఎక్కువ వేసుంటావు" అని పిల్లవాణ్ణి కసిరాను. వాడు నిజమేననుకుని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

తప్పు చాలావరకు నాదేనని తర్వాత తెలిసింది. ఆ మాట వాడితోనూ చెప్పాను. మీ ఇంట్లో అలా జరక్కూడదనే ఇవాళ మీకూ చెబుతున్నాను.

బంగారు చేప మన వంటింట్లోకి వచ్చే బొచ్చె, శీలావతి చేపలకు చుట్టమే. వెయ్యేళ్ళ కిందట చైనావాళ్ళు చెరువు చేపల్లోంచి రంగు తేలినవాటిని ఏరి పెంచగా ఈ జాతి వచ్చింది. సరిగా చూసుకుంటే పది పదిహేనేళ్ళు బతుకుతుంది. ఒంటి తోక రకం అడుగు పొడవు దాకా కూడా పెరగవచ్చు. గుండ్రటి పొట్ట, రెండు తోకల రకం ఆరేడు అంగుళాలు ఎదుగుతుంది. మరి నాలుగు లీటర్ల గిన్నె దానికి ఏ మూలకి?

చోటు ఒక్కటే కాదు, ఇంకో చిక్కుంది. చేప ఊపిరి పీల్చేదీ, విసర్జించేదీ ఆ నీళ్ళలోనే. దాని మొప్పల్లోంచీ, రెట్టలోంచీ, మిగిలిపోయిన తిండిలోంచీ అమ్మోనియా పుడుతుంది. నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉంటాయి, కాని లోపల విషం పెరుగుతుంటుంది. చెరువులో అయితే కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఈ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ సూక్ష్మజీవులు రాళ్ళకీ, ఫిల్టరు స్పాంజికీ అంటుకుని బతుకుతాయి. నేను రోజూ సబ్బుపొడితో తోమి వదలగొట్టింది వాటినే! పైగా పంపునీళ్ళలోని క్లోరిన్ చేప మొప్పల్ని కాల్చేసింది. శుభ్రం పేరుతో నేను చేసిన నిర్వాకం ఇదీ.

ఇక తొట్టి సంగతి. రెండు తోకల రకం చేపలు రెండు పెంచాలంటే మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తున్న గాజుతొట్టి తీసుకోండి. నూరు లీటర్ల నీళ్ళు పడతాయి. ఒంటి తోక రకానికి ఇదీ చాలదు, దాన్ని పెరట్లో పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకే వదిలేద్దాం. లీటరు నీళ్ళు కిలో బరువు కదా, రాళ్ళూ గాజూ కలిపితే నూరు కిలోలు దాటుతుంది. కనుక టీపాయ్ పనికిరాదు. గట్టి బల్ల వేసి, తొట్టి కింద థర్మోకోల్ పలక పరవండి. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెడితే నీళ్ళు వేడెక్కుతాయి, పాచి పడుతుంది. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు పగలూ రాత్రీ ఆడుతూనే ఉండాలి. అడుగున సన్నని ఇసుక గాని, చేప నోట పట్టని పెద్ద రాళ్ళు గాని వేయండి. చేప ఎగిరిపడకుండా పైన మూత ఉండాలి.

తొట్టి తెచ్చిన రోజే చేపల్ని తేకండి. ఇది ముఖ్యం. పాలు కాచిన వెంటనే పెరుగు అవుతుందా? తోడు వేయాలి, ఆగాలి. ఇదీ అంతే. నీళ్ళు నింపి, ఫిల్టరు ఆడిస్తూ, రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. చేపలు పెంచే స్నేహితురాలుంటే ఆవిడ తొట్టిలో నానిన స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. అదే మనకు తోడు. అమ్మోనియా, నైట్రైట్ ఎంతున్నాయో రంగు మారి చూపించే చుక్కల మందు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతుంది. రెండూ లేవని తేలాకే చేపల్ని తెండి.

తర్వాత పని తేలిక. వారానికోసారి పావువంతు నీళ్ళు తీసి కొత్తవి పోయండి. అన్నీ ఒక్కసారి మార్చవద్దు. పంపునీళ్ళకి క్లోరిన్ విరిచే మందు సీసా మీద రాసినంత కలపండి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. సబ్బు దరిదాపులకు రానివ్వకండి. మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంతే. అన్నం మెతుకులు, బిస్కట్లు వద్దు. ఎప్పుడైనా ఉడికించి తొక్క తీసిన బఠానీ గింజ చిదిమి వేస్తే ఇష్టంగా తింటాయి.

ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆకలి అనుకోకండి, ఊపిరాడటం లేదని. కరెంటు పోతే గ్లాసుతో తొట్టిలోని నీళ్ళే తీసి, కాస్త ఎత్తునుంచి ధారగా పోస్తుండండి.

ఇంత చోటు మా ఇంట్లో లేదంటారా? అయితే తేకపోవడమే మంచిది. అందులో చిన్నతనం లేదు. తెచ్చాక విసుగొస్తే మాత్రం చెరువులో వదలకండి. అక్కడి చేపలకు ఇవి రోగాలు తెస్తాయి. పెంచేవాళ్ళెవరికైనా ఇచ్చేయండి.

మా ఇంట్లో ఇప్పుడు రెండు చేపలున్నాయి. ఏడాదిన్నర దాటింది. ఆదివారం పొద్దున్న బకెట్టు పట్టుకుని నీళ్ళు తీసేది మా రెండోవాడే. నేను పక్కన నిలబడితే చాలు, "అమ్మా, సబ్బు ముట్టుకోలేదు కదా నువ్వు?" అని అడుగుతాడు. చేతులు చూపించాకే దగ్గరికి రానిస్తాడు.