కుళాయి నీళ్లలో ఏముంది?

పిల్లలూ! తుఫాను వెళ్లిపోయిన మర్నాడు మీ ఇంట్లో కుళాయి తిప్పి చూశారా? కుళాయి అంటే మీరు ఇంట్లో రొబినే అంటారే, అదే. ఒక్కోసారి నీళ్లు ఎర్రమట్టి రంగులో వస్తాయి. "అబ్బే, ఇవి తాగకూడదు" అంటాము. రెండు మూడు రోజులకు నీళ్లు తేటపడతాయి. "అమ్మయ్య, ఇక ఫరవాలేదు" అంటాము. మొదటి మాట సరైనదే. రెండవ మాట దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. తేటగా కనబడే నీళ్లన్నీ మంచినీళ్లు కావు. అలాగే వింతగా కనబడే నీళ్లన్నీ చెడ్డవీ కావు. నీళ్లు ఆగి మళ్లీ వచ్చినప్పుడు పాలలాగా తెల్లగా రావడం మీరు చూసే ఉంటారు. ఆ నీళ్లను గ్లాసులో పట్టి ఉంచండి. అడుగునుంచి పైకి మెల్లగా తేటపడితే, ఆ తెలుపు గొట్టంలో చేరిన గాలి బుడగలదే.

మరి మంచినీళ్లని ఎలా తెలుసుకోవాలి? కంటితో కాదు, కొలతతో. నీటిలో ఏ పదార్థం ఎంత ఉన్నదో కొలిచి చెప్పాలి.

మన మారిషస్‌లో కుళాయిలకు వచ్చే నీటిలో దాదాపు సగం భూగర్భ జలం. అంటే వాన నీరు నల్లటి అగ్నిపర్వత శిలల సందుల్లోనుంచి దిగి, నేల అడుగున నిలిచిన నీరు. దానిని బోరుబావులతో పైకి తోడుతారు. మిగిలినది నదులనుంచి, జలాశయాలనుంచి వస్తుంది. జలాశయాలలో పెద్దది మార్ ఓ వాక్వా. అది నిండితే దాదాపు 2 కోట్ల 60 లక్షల ఘనపు మీటర్ల నీరు పడుతుంది. ఉత్తరాది ఊళ్లకు లా నికోలియేర్ ఉన్నది. ఈ నీటిని శుద్ధిచేసి మనకు పంపే బాధ్యత 1971లో ఏర్పడిన సెంట్రల్ వాటర్ అథారిటీది.

జలాశయం నీటిని శుద్ధిచేసే విధానం మన పెద్దలకు కొత్తది కాదు. గోదావరికి వరద వచ్చి నీళ్లు ఎర్రబడితే, ఆంధ్రదేశంలో ఇల్లాళ్లు బిందెలో పటిక తిప్పేవారు, లేదా చిల్లగింజను అరగదీసి కలిపేవారు. మట్టి ముద్దకట్టి అడుగుకు దిగేది. శుద్ధి కేంద్రంలోనూ పటికవంటి మందు కలిపి మట్టిని దించుతారు. పైనున్న తేట నీటిని ఇసుకలోనుంచి వడగడతారు. బిందె దగ్గర చేయని పని ఒకటి చివరన చేస్తారు. అదే క్లోరిన్ కలపడం.

క్లోరిన్ ఎందుకు? 1854లో లండన్‌లో కలరా వచ్చింది. చెడు గాలివల్ల ఆ జబ్బు వస్తుందని ఎక్కువమంది నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్లను ఒక్కొక్కటిగా గుర్తించి, వారిలో చాలామంది బ్రాడ్ వీధిలోని ఒకే పంపు నీళ్లు తాగారని చూపించాడు. సరిగ్గా అదే ఏడు మన ద్వీపంలోనూ కలరా వచ్చి వేలమంది చనిపోయారు. కోరంగి రేవులో ఓడలెక్కి వచ్చిన తెలుగువారు అప్పటికే ఇక్కడి చెరకు తోటలలో పనిచేస్తున్నారు. ఆ రేవు పేరుతోనే మనవారిని చాలాకాలం కోరంగీలు అని పిలిచారు. వారు తాగిన నీరు చూడడానికి తేటగానే ఉండి ఉండవచ్చు. కలరా క్రిమి కంటికి కనబడదు.

కుళాయి నీళ్లకు మందు వాసన వస్తున్నదని కొందరు ముఖం చిట్లిస్తారు. నాకైతే ఆ వాసన కొంచెం తగిలితేనే ధైర్యం. దారిలో క్రిములు చేరితే చంపడానికి ఇంకా క్లోరిన్ మిగిలి ఉన్నదని దాని అర్థం.

ఇప్పుడు కొలతల సంగతి చూద్దాము. మీ ఇంటి మిద్దెమీద నీళ్ల ట్యాంకు ఉన్నది కదా! అది 1000 లీటర్లది అనుకోండి. కుళాయి దగ్గరకు వచ్చేసరికి అంత నీటిలో కనీసం 0.2 గ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక టీచెంచా ఉప్పు 5, 6 గ్రాములు తూగుతుంది. దానిని బట్టి 0.2 గ్రాము ఎంత స్వల్పమో ఊహించండి. అదే ట్యాంకులో నైట్రేటు 50 గ్రాములు మించరాదు. ఫ్లోరైడు 1.5 గ్రాములు మించరాదు. సీసమైతే 0.01 గ్రాము, అంటే గ్రాములో నూరవ వంతు మాత్రమే. పాత గొట్టాలనుంచి, నాసిరకం కుళాయిలనుంచి సీసం నీటిలోకి రావచ్చు. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే ఇంత కఠినమైన హద్దు. ఇక మలంనుంచి వచ్చే ఇ. కోలై క్రిమికి హద్దు సున్నా. అర గ్లాసు నీటిలో, అంటే 100 మిల్లీలీటర్లలో, ఒక్కటి కూడా కనబడకూడదు.

నైట్రేటు ఎక్కడిది? చెరకు పొలాలకు వేసే ఎరువులనుంచి, మరుగుగుంటలనుంచి వాన నీటితోపాటు నేలలోకి దిగుతుంది. అందువల్ల బోరు నీటిలో దానిని ప్రత్యేకంగా పరీక్షించాలి. హద్దు మించిన నీటితో డబ్బా పాలు కలిపి పడితే, పసిపిల్లల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు. ఒళ్లు నీలంగా మారుతుంది. ఇక్కడ ఒక చిక్కున్నది. "కాచి తాగితే సరి" అని మనం దేనికైనా అంటుంటాము. కాచితే క్రిములు చస్తాయి, నిజమే. నైట్రేటు పోదు. నీరు ఆవిరైపోయి, అది ఇంకాస్త చిక్కబడుతుంది. సీసమూ, ఫ్లోరైడూ అంతే.

ఫ్లోరైడు మాట రాగానే తెలంగాణలోని నల్గొండ గుర్తుకు వస్తుంది. అక్కడి రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భ జలంలో కరుగుతుంది. ఆ నీరు తేటగానే ఉంటుంది, వాసన ఉండదు. కాని ఏళ్ల తరబడి తాగినవారికి పళ్లమీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి, ఎముకలు బిగుసుకుపోయాయి, నడుములు వంగిపోయాయి. నీటినుంచి ఫ్లోరైడును తీయడానికి నాగపూర్‌లోని శాస్త్రజ్ఞులు పటిక, సున్నం వాడే ఒక పద్ధతిని రూపొందించారు. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు వచ్చింది. తరువాత కృష్ణానది నీటిని ఆ ఊళ్లకు గొట్టాల ద్వారా తెచ్చారు.

శుద్ధి కేంద్రంలో నీరు ఎంత బాగున్నా, మన గ్లాసులోకి రావడానికి ఇంకా చాలా దూరం ఉన్నది. వానలు పడని నెలల్లో మనకు నీళ్లు కొన్ని గంటలే వదులుతారు. గొట్టం నిండా నీరు ఒత్తిడితో ఉన్నంతసేపు, పగులు ఉంటే నీరే బయటికి కారుతుంది. నీరు ఆపగానే ఆ ఒత్తిడి పోతుంది. అప్పుడు అదే పగులులోనుంచి చుట్టూ ఉన్న మురికి లోపలికి చేరవచ్చు. ఆ తరువాత మిద్దెమీది ట్యాంకు. ఎండకు వేడెక్కిన ట్యాంకులో క్లోరిన్ నిలవదు. మూత సరిగా లేకపోతే బల్లులు, ఆకులు, దోమలు చేరతాయి. అడుగున బురద పేరుకుంటుంది. ఈ ట్యాంకును ఏ అధికారీ వచ్చి పరీక్షించడు. అది పూర్తిగా ఇంటివాళ్ల పని.

ఈ ఆదివారం నాన్నగారినో మామయ్యనో వెంటబెట్టుకుని ట్యాంకు మూత తీయించి చూడండి. మీరు ఒంటరిగా మిద్దె ఎక్కవద్దు. చివరిసారి ఎప్పుడు కడిగారో అడగండి. ఏడాదికి ఒకటి రెండుసార్లయినా కడగాలి. పొర్లుగొట్టానికి సన్నని జాలీ కట్టాలి. తుఫాను తరువాత నీళ్లు తేటపడినా, అధికారులు సరే అనేవరకు తెర్లకాచి, మూతపెట్టి చల్లార్చి తాగాలి. నీళ్లు ఆగి మళ్లీ వచ్చినప్పుడు మొదటి బక్కెట్టు నీళ్లను వంటకు వాడవద్దు. పారబోయనూ వద్దు. పెరట్లో కరివేపాకు చెట్టుకు పోయండి.