రాసిన డిస్కు తెరుచుకోవాలి

కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ కనిపించడం ఎప్పుడో తగ్గిపోయింది. డిస్కుల అవసరం మాత్రం ఇళ్లలోంచి పూర్తిగా పోలేదు. ఊళ్లో అమ్మమ్మగారి టీవీ కింద డీవీడీ ప్లేయర్ ఇంకా ఆడుతూనే ఉంది. పాత కారులో పాట వినాలంటే సీడీయే దిక్కు. పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియో హార్డ్‌డిస్కులోనే కాక మరోచోట కూడా ఉంటే మంచిదనుకునే వాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లు యూఎస్‌బీకి తగిలించే రైటర్ ఒకటి కొని తెచ్చుకుంటారు. ఆ తర్వాత మొదలవుతుంది అసలు సందేహం: దేంతో రాయాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. రాసిందాన్ని మళ్లీ చదివి, అసలు ఫైలుతో సరిపోల్చే సాఫ్ట్‌వేరే ఇంటికి కావాలి. వెరిఫై అనే ఆ ఒక్క టిక్కు ముందు మిగతా హంగులన్నీ దిగదుడుపే. ఖాళీ డిస్కులో పల్చటి రంగుపూత ఉంటుంది. లేజర్ వేడికి దాని మీద గుర్తులు పడతాయి. పూత ఎక్కడైనా నాసిగా ఉంటే గుర్తు సరిగా పడదు. అయినా ‘పూర్తయింది’ అన్న సందేశం వచ్చేస్తుంది. చదివితే తప్ప ఆ లోపం బయటపడదు.

విండోస్‌లోనే రాసే సదుపాయం ఉంది కదా అంటారు. ఉంది. ఖాళీ డిస్కు పెట్టగానే అది రెండు దారులు చూపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లా వాడుకోవడం ఒకటి, సీడీ, డీవీడీ ప్లేయర్ల కోసం రాయడం రెండోది. మొదటిది ఎంచుకుంటే ఫైళ్లు ఎప్పుడంటే అప్పుడు చేర్చుకోవచ్చు గానీ, టీవీ దగ్గరి ప్లేయర్లు చాలావరకు దాన్ని చదవవు. పక్కింటికి పంపే డిస్కయితే రెండోదే మేలు. డిస్కు మొత్తానికి నకలైన ఐఎస్‌ఓ ఫైలు రాసేటప్పుడు విండోస్ వెరిఫై అడుగుతుంది. మామూలు ఫైళ్లకు ఆ ఊసే ఎత్తదు. అందుకే విడిగా ఒకటి పెట్టుకోమంటాను.

ఆ పనికి నేను మొదట చెప్పే పేరు ఇమ్‌గ్‌బర్న్. ఉచితం. చివరి వెర్షన్ 2013లో వచ్చింది, చూడ్డానికి పాతగానే ఉంటుంది, పని మాత్రం నిక్కచ్చి. రాయడం అయ్యాక ట్రేని బయటికి తోసి, మళ్లీ లోపలికి తీసుకుని చదవడం మొదలుపెడుతుంది. ల్యాప్‌టాప్ రైటర్ల ట్రే దానంతటది మూసుకోదు కాబట్టి మనమే చేత్తో నెట్టాలి. పని అయిపోయిందనుకుని డిస్కు తీసేసేది సరిగ్గా అక్కడే. ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టాలి.

వీడియో దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఫోన్‌లో తీసిన ఎంపీ4 ఫైలును అలాగే డిస్కుకెక్కిస్తే అది ఫైళ్ల డిస్కు అవుతుంది తప్ప సినిమా డీవీడీ కాదు. పాత ప్లేయర్‌కు ఎంపెగ్-2 రూపం, ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డరు కావాలి. డీవీడీస్టైలర్ ఆ మార్పిడి చేసిపెడుతుంది, మెనూ కూడా కడుతుంది, అదీ ఉచితమే. 4.7 జీబీ అని అట్ట మీద ఉన్నా కంప్యూటర్ లెక్కలో వచ్చేది 4.37 జీబీయే. నిండా కుక్కకుండా కాస్త చోటు వదలండి.

పాటల సీడీకి సీడీబర్నర్ ఎక్స్‌పీ హాయి. పాటకూ పాటకూ మధ్య విరామం వద్దని చెప్పే వీలు అందులో ఉంది. సినిమా పాటలకు ఆ తేడా పెద్దగా తెలియదు. ఘంటసాల భగవద్గీత ముక్కలుగా ఉన్నప్పుడు మాత్రం శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం పడితే చెవికి గుచ్చుకుంటుంది. 80 నిమిషాలు దాటితే రెండో సీడీ తీయాల్సిందే.

1997 నుంచి ఉన్న నీరో మంచిదే, డబ్బు పెట్టాలి. ఏడాదికి నాలుగైదు డిస్కులు రాసే ఇంటికి అంత అవసరం లేదు. లైనక్స్‌వాళ్లకు కే3బీ ఉంది, మ్యాక్‌లో ఫైండరే రాసేస్తుంది. ఏది దించుకున్నా తయారీదారు సైటు నుంచే దించుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చూడకుండా ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోతే అక్కర్లేని ప్రోగ్రామ్‌లు వెంట దిగుతాయి.

వేగం తగ్గించి 4ఎక్స్‌లో రాయండి. నిండు డీవీడీకి పావుగంట పడుతుంది, పడనివ్వండి.

ఇంకో సంగతి ఆలస్యం చేయకూడనిది. ఒకప్పుడు మన ఇళ్లలో కుప్పలుగా కనిపించిన డిస్కులు చేసిన మోజర్ బేర్ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. డిస్కుల కాలం చివరికొస్తోంది, కాబట్టి రైటర్ ఇంటికి రాగానే కొత్తవి రాయడానికి ముందు బీరువాలోని పాత పెళ్లి డీవీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఇమ్‌గ్‌బర్న్‌లోని ‘రీడ్’ మోడ్ డిస్కు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా తీస్తుంది. మధ్యలో ఆగిపోతే డిస్కును మెత్తటి గుడ్డతో లోపలి నుంచి అంచు వైపుకు తుడిచి, ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒకటి చదవలేనిది మరొకటి చదవడం మామూలే.