పొలుతోర్కా: ఆకలి నగరానికి రొట్టె మోసిన లారీ

రష్యా లారీ అనగానే చాలామందికి కొండంత మిలటరీ బండే గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ‘గాజ్-ఏఏ’. ఇది మోసేది ఒకటిన్నర టన్నులే. అందుకే అక్కడి జనం దీన్ని ‘పొలుతోర్కా’ అని పిలిచారు. అంటే ‘ఒకటిన్నర’ అన్నమాట!

దీని మూలం అమెరికాలో ఉంది. 1929లో సోవియట్ ప్రభుత్వం ఫోర్డ్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 1932 జనవరిలో నీజ్నీ నోవ్‌గొరోద్ ఫ్యాక్టరీ నుంచి ఫోర్డ్-ఏఏ నమూనాలో ఈ లారీలు రావడం మొదలైంది. తొలినాళ్లలో క్యాబిన్‌ని కర్రతో, గట్టి అట్టతో చేసేవారు.

లోపల ఏముందో చూద్దాం. నాలుగు సిలిండర్లు, 3.3 లీటర్ల పెట్రోలు ఇంజను, సుమారు 40 హార్స్‌పవర్. ఇవాళ మన వీధుల్లో తిరిగే చిన్న కారుకే ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది. అయితే నాకు బాగా నచ్చింది పెట్రోలు ట్యాంకు పెట్టిన చోటు. డ్రైవరు ఎదుట, అద్దం కింద, కార్బురేటర్‌ కన్నా ఎత్తులో పెట్టారు. పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది. పంపు అక్కర్లేదు. లేనిది చెడిపోదు కదా! ఇంజనులో కంప్రెషన్ తక్కువ కాబట్టి నాసిరకం పెట్రోలుతోనూ నడిచేది. స్టార్టరు మొరాయిస్తే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పడమే.

యుద్ధం వచ్చాక ఇనుముకి కరువొచ్చింది. 1942 నుంచి తలుపుల స్థానంలో కాన్వాస్ గుడ్డ, ఒక్కటే హెడ్‌లైటు, వెనక చక్రాలకే బ్రేకులు. అయినా బండి ఆగలేదు.

అసలు పరీక్ష అంతకుముందే లెనిన్‌గ్రాడ్ దగ్గర ఎదురైంది. జర్మన్ సేనలు నగరాన్ని చుట్టుముట్టాయి. మిగిలిన దారి లదోగా సరస్సు ఒక్కటే. 1941 నవంబరు 22న గడ్డకట్టిన ఆ నీటి మీదుగా పొలుతోర్కాల వరస కదిలింది. మంచు పలచన కావడంతో మొదట్లో పూర్తి లోడు వేసేవారు కాదు. మంచు విరిగితే దూకడానికి డ్రైవర్లు చలిలోనూ తలుపు తెరిచే నడిపేవారు. ఎన్నో లారీలు సరుకుతో సహా మునిగిపోయాయి.

అప్పుడు నగరంలో పిల్లలకి, పనిలేనివాళ్లకి రోజుకి దక్కింది 125 గ్రాముల రొట్టె. ఆ లెక్కన ఒకటిన్నర టన్నుల రొట్టె 12 వేల మందికి ఒక పూట ప్రాణం. నన్నడిగితే ఈ బండి గొప్పతనాన్ని హార్స్‌పవర్‌లో కాదు, ఈ లెక్కలోనే కొలవాలి.