ఆరాధన ముగిసేలోగా ఉడికే అలసందల కూర

ఆదివారం ఉదయం ఇంట్లో అందరికంటే ముందు లేచేది తల్లి, దేవుని మందిరానికి అందరికంటే ఆలస్యంగా చేరేదీ తల్లే. పిల్లలకు స్నానాలు, పశువులకు మేత, నీళ్ల బిందెలు, ఆపైన మధ్యాహ్నానికి కూర. పొయ్యి మీద గింజలు ఉడకక, వదిలిపెట్టి వెళ్లలేక, మొదటి కీర్తన అయిపోయాక వెనుక వరుసలో వచ్చి కూర్చునే గృహిణులు మన సంఘాల్లో ఎందరో! మార్త గురించిన ప్రసంగం వినడానికైనా మార్తకు తీరిక ఉండాలి గదా. మన మెట్ట పంటతో, తక్కువ కట్టెలతో, ఎవరూ కాపలా ఉండనక్కరలేకుండా తయారయ్యే ఒక శాకాహారపు కూరను ఈ నెల పరిచయం చేస్తున్నాము.

సబ్బాతు కుండ నుండి కరెంటు కుండ దాకా

పట్టణాల్లో కొందరి ఇళ్లలో ‘స్లో కుక్కర్’ అనే కరెంటు పాత్ర కనిపిస్తుంది. లోపల పింగాణీ గిన్నె, చుట్టూ సన్నని వేడినిచ్చే తీగ, పైన గాజు మూత. దీన్ని కనిపెట్టిన అమెరికా దేశస్థుడు ఇర్వింగ్ నాక్సన్ యూదు కుటుంబంలో పుట్టినవాడు. సబ్బాతునాడు ఇంట్లో నిప్పు వెలిగించకూడదన్న నియమం యూదులకు ఉన్నది (నిర్గమ 35:3). అందుకని వారు శుక్రవారం సాయంకాలమే చిక్కుడు గింజల కుండను రొట్టెల పొయ్యిలో పెట్టేవారు. మరునాడు సమాజమందిరం నుండి వచ్చేసరికి ఆ వంటకం మెత్తగా ఉడికి వేడిగా ఉండేది. దానికి ‘చోలెంట్’ అని పేరు. తూర్పు ఐరోపాలోని విల్నా పట్టణంలో తన వాళ్లు ఇలా వండుకొనేవారని తల్లి చెప్పగా నాక్సన్‌కు ఈ ఆలోచన వచ్చింది. 1940లో ఆ పాత్రకు పేటెంటు దొరికింది. 1971లో రైవల్ అనే కంపెనీ దాన్నే ‘క్రాక్‌పాట్’ పేరుతో అమ్మడం మొదలుపెట్టాక అమెరికాలో ఇంటింటికీ చేరింది.

అంటే ఆరాధన రోజున ఆడవారికి వంట భారం తగ్గాలన్న అవసరంలో నుండే ఈ పాత్ర పుట్టింది.

మనకూ ఇది కొత్త కాదు. పిడకల దాలిలో పాలకుండ పెట్టి, మధ్యాహ్నానికి ఎర్రగా కాగిన పాలు, మందపాటి మీగడ తీసిన అవ్వలు మన పల్లెల్లో ఉన్నారు. మంట కాదు, నిలిచిన వేడి వంట చేస్తుంది అని వారికి తెలుసు.

కరెంటు లేకపోతే గంప ఉంది

స్లో కుక్కర్ సుమారు 200 వాట్ల కరెంటు తీసుకొంటుంది. ఆరు గంటలు నడిస్తే యూనిట్ పైచిల్లర. ఖర్చు పెద్దది కాదు గాని, మధ్యలో కరెంటు పోతే కూర సగంలో ఆగి పాడవుతుంది. పల్లెలకు అంతకంటే నమ్మకమైనది ‘గడ్డి పెట్టె’. 1867లో పారిస్ ప్రదర్శనలో నార్వే దేశస్థుడొకడు ఇటువంటి పెట్టెను చూపించాడు. ప్రపంచ యుద్ధాల కాలంలో బొగ్గు, గ్యాసు కరువైనప్పుడు ఇంగ్లండులో గృహిణులు దీనితోనే వంట చేసుకొన్నారు. కుండను బాగా మరిగించి, వేడి బయటికి పోకుండా గడ్డిలో కప్పిపెడితే, ఆ వేడికే గింజ ఉడుకుతుంది. ఇంతే ఇందులోని రహస్యం.

మన జిల్లాలో గడ్డి పశువులకే చాలదు. కాని శనక్కాయల పొట్టుకు కొదువ లేదు. దానితోనే చేసుకోవచ్చు.

1. కుండకంటే నలువైపులా జానెడు వెడల్పు ఎక్కువ ఉండే గంప గాని, చెక్కపెట్టె గాని తీసుకోండి. లోపల గోనెసంచి పరచండి.

2. అడుగున ఆరు అంగుళాల మందాన ఎండిన శనక్కాయ పొట్టు పోసి అదమండి. బూజు పట్టినది, తడిసినది పనికిరాదు.

3. కుండను మధ్యలో ఉంచి చుట్టూ పొట్టు కూరండి. కుండ తీసినా గుంత చెదరకుండా లోపల పాత గుడ్డ పరచుకోండి.

4. పైన కప్పడానికి పాత బట్టలు కుక్కిన దిండు గాని, నాలుగు మడతల బొంత గాని సిద్ధం చేసుకోండి.

వాడనప్పుడు గంపను ఎండలో పెట్టండి. ఎలుకలు చేరకుండా ఉట్టి మీదనో అటక మీదనో ఉంచండి.

మన గింజలు ఎందుకు ఉడకవు?

అనంతపురం జిల్లాకు రెండు ఋతుపవనాలూ అంతంతమాత్రమే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ కొద్ది తడికే అలసందలు, ఉలవలు, అనుములు, కందులు పండుతాయి. వీటిలో నూటికి ఇరవై పాళ్లకు పైగా మాంసకృత్తులు ఉన్నాయి. వారానికొకసారి కూడా మాంసం కొనలేని ఇంట్లో పిల్లల ఒంటికి బలం ఇవే.

అయితే బోరు నీళ్లతో వండితే ఇవి ఎంతకూ ఉడకవు. లోతు బోర్ల నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువ. అవి గింజ పైపొరను గట్టిపరుస్తాయి. త్వరగా ఉడకాలని కొందరు వంటసోడా వేస్తారు. గింజ మెత్తబడుతుంది గాని అందులోని బి1 విటమిను నశిస్తుంది. సోడాకు బదులు రాత్రంతా నానబెట్టండి. వాననీళ్లు గాని, మంచినీళ్ల కుళాయి నీళ్లు గాని ఉంటే ఒక చెంబెడు వంటకు దాచుకోండి. ఇంకొక మాట: చింతపండు, టమోటా ముందే వేస్తే పులుపుకు గింజ బిగుసుకుపోతుంది. పులుపు ఎప్పుడూ గింజ ఉడికిన తర్వాతనే.

కావలసినవి (ఆరుగురికి)

అలసందలు పావు కిలో, వంకాయలు నాలుగు, ఉల్లిపాయలు రెండు, టమోటాలు రెండు, వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, చింతపండు చిన్న నిమ్మకాయంత, వేయించిన శనగవిత్తనాల పొడి మూడు పెద్ద చెంచాలు, కారం రెండు చిన్న చెంచాలు, ధనియాల పొడి ఒక పెద్ద చెంచా, పసుపు చిటికెడు, నూనె రెండు పెద్ద చెంచాలు, ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, ఉప్పు తగినంత.

చేసే విధానం

శనివారం రాత్రి అలసందలు కడిగి, మూడింతల నీళ్లలో నానబెట్టండి. ఉదయం ఆ నీళ్లు పారబోసి (కరివేపాకు చెట్టుకు పోయండి), గింజలను గట్టి మూత ఉన్న పాత్రలో వేసి, లీటరు నీళ్లు, పసుపు, వెల్లుల్లి, ఒక ఉల్లిపాయ ముక్కలు కలిపి పొయ్యి మీద పెట్టండి. ఎనిమిది గంటలకు పెడితే, తెర్లడం మొదలైనప్పటి నుండి పావుగంట మంట తగ్గించకుండా మరగనివ్వండి. వంకాయలను నాలుగు పక్షాలుగా చీల్చి వేసి, మళ్లీ తెర్లగానే మూత బిగించి దించండి. మూత తీసి చూడకుండా వెంటనే గంపలో పెట్టి బొంత కప్పండి. కట్టెల పొయ్యి అయితే పాత్ర అడుగున నిప్పురవ్వ అంటుకొని లేదని బాగా చూసి, గుడ్డతో తుడిచి మరీ పెట్టండి. పొట్టుకు నిప్పు అంటితే ఇల్లే పోతుంది.

ఇక మందిరానికి వెళ్లి రండి. పన్నెండున్నరకు తీస్తే అలసందలు వేలితో నొక్కితే మెదిగేలా ఉంటాయి. బాణలిలో నూనె కాచి ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, రెండవ ఉల్లిపాయ వేసి ఎర్రగా వేగాక టమోటా, కారం, ధనియాల పొడి, ఉప్పు వేసి మగ్గనివ్వండి. ఉడికిన గింజలను నీళ్లతో సహా ఇందులో పోసి, చింతపండు రసం, శనగవిత్తనాల పొడి కలిపి పది నిమిషాలు బాగా తెర్లనివ్వండి. పొడికి కూర చిక్కబడి పైకి నూనె తేలుతుంది. రాగి సంగటికి, జొన్నరొట్టెకు ఇంతకంటే మంచి జత లేదు.

స్లో కుక్కర్ ఉన్నవారు కూడా గింజలను ముందు పొయ్యి మీద పావుగంట మరిగించి తర్వాతనే అందులో పోయాలి. ఎక్కువ వేడిలో అయితే మూడు నాలుగు గంటలు, తక్కువ వేడిలో అయితే ఆరేడు గంటలు పడుతుంది. నీళ్లు ఇగరవు గనుక ముప్పావు లీటరు చాలు.

తప్పనిసరిగా గుర్తుంచుకోవలసినవి

పాత్ర ముప్పాతిక వంతు నిండి ఉండాలి. కొద్దిగా వండితే వేడి త్వరగా చల్లారుతుంది. ఇద్దరే ఉన్న ఇంట్లో చిన్న పాత్ర వాడండి.

నాలుగైదు గంటలకు మించి గంపలో ఉంచకండి. చేతికి గోరువెచ్చగా తగిలే దశలోనే క్రిములు పెరుగుతాయి. తీసిన తర్వాత మళ్లీ తెర్లించకుండా ఎవరికీ వడ్డించకండి, ముఖ్యంగా పసిపిల్లలకు.

రాజ్మా గింజలను నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కనీసం పది నిమిషాలు బాగా మరిగించకుండా స్లో కుక్కర్‌లో గాని గంపలో గాని వేయకూడదు. వాటిలోని విషపదార్థం సన్నని వేడికి పోదు. తింటే వాంతులు పట్టుకొంటాయి.

ఉలవలతో చేసేవారు పన్నెండు గంటలు నానబెట్టి, అరగంట మరిగించి పెట్టండి.

ఎవరికి మేలు?

ప్రెషర్ కుక్కర్ ఉన్న ఇంట్లో ఇది ఎందుకని అడగవచ్చు. త్వరగా కావాలంటే కుక్కరే మేలు. కాని దాని దగ్గర మనిషి ఉండాలి. గంప దగ్గర ఎవరూ ఉండనక్కరలేదు. ముప్పావు గంట, గంట మండవలసిన పొయ్యి పావుగంటతో ఆగుతుంది. గ్యాసు సిలిండరు నాలుగు రోజులు ఎక్కువ వస్తుంది. కట్టెల కోసం గుట్టలెక్కే ఆడబిడ్డకు ఒక మోపు తగ్గుతుంది, పొగకు మండే కళ్లకు కొంత విశ్రాంతి దొరుకుతుంది.

ఇది ఆదివారానికే కాదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశమంతటికీ మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. తెల్లవారుజామునే పలుగు, గంప పట్టుకొని పనికి వెళ్లి, ఎండ నెత్తికెక్కాక తిరిగి వచ్చి, ఆకలితోనే పొయ్యి ఊదిన తల్లులు మన ఊళ్లలో ఎందరో. అటువంటి తల్లికి ఇంటికి రాగానే ఉడికి ఉన్న గింజలు కనిపించడం చిన్న సంగతి కాదు.

పురుషులకు ఒక మనవి. గంప తెచ్చి, పొట్టు పోసి, బొంత కుట్టించడం ఒక సాయంకాలపు పని. ఈ శనివారమే అది చేసిపెట్టండి. ఆదివారం మొదటి కీర్తన సమయానికి మీ ఇంటి ఇల్లాలు మీతోపాటే ముందు వరుసలో కూర్చుంటుంది.