నక్షత్ర మరణవార్త

దక్షిణార్ధగోళమున నివసించువారికి రాత్రివేళ ఆకాశమున తెల్లని మేఘశకలము వంటిదొకటి కానవచ్చును. అది మేఘము గాదు. మన పాలపుంతకు పొరుగుననున్న చిన్న నక్షత్రసముదాయము. దానికి పెద్ద మెజిల్లాన్ మేఘమని పేరు. అది మనకు సుమారు 1,68,000 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. 1987 ఫిబ్రవరి 24వ తేదీన చిలీ దేశమందలి లాస్ కంపనాస్ వేధశాలలో ఇయాన్ షెల్టన్ అను పరిశీలకుడు దాని ఛాయాచిత్రము తీసి, అందు మునుపెన్నడును లేని ప్రకాశవంతమైన చుక్కను గాంచెను. వెలుపలికి వచ్చి చూడగా అది వట్టి కంటికే కనబడుచుండెను. ఒక మహానక్షత్రము పేలిపోయినది! ఇట్టి విస్ఫోటనమును సూపర్‌నోవా యందురు.

అయితే ఈ వార్త అంతకు ముందే భూమికి చేరియుండెను. దానిని తెచ్చినవి న్యూట్రినోలు.

మహానక్షత్రమున ఇంధనము తీరిపోగానే దాని గర్భము తన బరువునకు తానే తాళలేక ఒక్క సెకండులోపల కూలిపోవును. అప్పుడు వెలువడు శక్తిలో నూటికి 99 పాళ్లు వెలుతురుగా గాక న్యూట్రినోలను సూక్ష్మకణముల రూపమున పోవును. ఇట్టి కణము ఉండవలెనని 1930లో పౌలీ యను శాస్త్రజ్ఞుడు ఊహించెను. 1956లో గాని అది పట్టుబడలేదు. పదార్థముతో దానికి పొత్తు మిక్కిలి తక్కువ. భూగోళమునైనను అడ్డు లేనట్లే దూసికొనిపోవును.

జపానులో కమియోకా గనియందు, 1,000 మీటర్ల లోతున, 3,000 టన్నుల నీటితో ఒక తొట్టి యుండెను. ప్రోటాను క్షయించునా యని చూచుటకు దానిని కట్టిరి. ఆ ప్రశ్నకు సమాధానము దొరకలేదు గాని, ఫిబ్రవరి 23న, విశ్వకాలమానము ప్రకారము ఉదయము 7 గంటల 35 నిమిషములకు, పదమూడు సెకండులలో ఆ నీటియందు 11 మెఱపులు మెఱసినవి. అదే సమయమున అమెరికాలో ఒహయో రాష్ట్రపు ఉప్పుగనిలోని తొట్టిలో ఎనిమిదియు, కాకసస్ పర్వతగర్భమున బక్సాన్‌లో ఐదును నమోదైనవి. ఆ కొద్ది క్షణములలో భూమిపై ప్రతి చదరపు సెంటీమీటరు గుండ వేయి కోట్లకు పైగా న్యూట్రినోలు సాగిపోగా, చిక్కినవి ఇరువదినాలుగే!

ఈ గుప్పెడు మెఱపులనుండియే ఎంతో విషయము రాబట్టిరి. గుఱ్ఱపుబండియు ఎడ్లబండియు ఒకేసారి తిరునాళ్లకు బయలుదేరినవనుకొనుడు. పది బారలలో వాని వేగభేదము తెలియదు. పది క్రోసులు నడచినచో తెలిసిపోవును. న్యూట్రినోకు బరువున్నచో, తక్కువ శక్తి గలది వెనుకబడవలెను. 1,68,000 సంవత్సరములు ప్రయాణించియు అవన్నియు కొద్ది సెకండుల ఎడముతో వచ్చినవి. ఆ ఎడమైనను అంతయు బరువువలన కలిగినదని చెప్పరాదు. నక్షత్రగర్భము మిక్కిలి చిక్కనైనది గావున న్యూట్రినోలకు సైతము బయటపడుటకు కొన్ని సెకండులు పట్టును. కనుక న్యూట్రినో బరువు ఎలక్ట్రాను బరువులో ఇరువదివేలవ వంతునకు మించదని తేలినది. విద్యుదావేశమే యున్నచో, అంతరిక్షమందలి అయస్కాంత క్షేత్రములు వాని త్రోవలను వంచి, రాకను చెల్లాచెదరు చేసియుండెడివి. అది జరుగలేదు. దారిలో నశింపకుండ ఇంత దూరము రాగలిగినవనుటయు స్పష్టమైనది.

వెలుతురు సుమారు మూడు గంటలు ఆలస్యముగా కనబడెను. న్యూట్రినోలు కాంతిని మించి పరుగెత్తినవని దీని యర్థము గాదు. గర్భమున పుట్టిన అఘాతతరంగము నక్షత్రపు పైపొరను చేరువరకు విస్ఫోటనపు కాంతి వెలువడజాలదు. న్యూట్రినోలకు ఆ నిరీక్షణ లేదు. ఇంత దీర్ఘయాత్రలో భేదము మూడు గంటలే యగుటచే, వాని వేగము కాంతివేగముతో దాదాపు సమానమని రుజువైనది.

బరువు అసలే లేదా యను సందేహము మాత్రము మిగిలెను. కమియోకాలోనే 50,000 టన్నుల నీటితో నిర్మించిన సూపర్ కమియోకాండే దానిని 1998లో తీర్చినది: న్యూట్రినోలు ఒక జాతినుండి మఱియొక జాతికి మాఱుచున్నవి, బరువు లేనిదే ఆ మార్పు పొసగదు. 1987 నాటి పరిశోధనకు నాయకుడైన మసతోషి కోషిబాకు 2002లో నోబెల్ బహుమానమునందు భాగము లభించెను.

మన పాలపుంతలో ఇట్టి విస్ఫోటనము కంటికి కనబడి 1604వ సంవత్సరమునకే చివర. మఱియొకటి సంభవించినచో సూపర్ కమియోకాండేలో వేలకొలది మెఱపులు మెఱయును. న్యూట్రినో జాతులు మూడింటిలో ఏది తేలిక, ఏది బరువు అను ప్రశ్నకు అప్పుడు సమాధానము దొరకవచ్చును.